నీలాపనింద

యాప్రాల్‌లో మేముండే వీధికి దగ్గరలో ఒక గ్రంథాలయం ఉంది. గ్రంథాలయమనడం కొంత అతిశయోక్తే. కాలనీ సమావేశ మందిరంలో ఒక మూల రెండు ఇనుప బీరువాలు, ఒక పొడవైన బల్ల, ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు. అంతే. పుస్తకాలన్నీ ఎవరో ఒకరు ఇల్లు మారుతూనో, ఇంటి పెద్ద గతించిన తరువాతనో తెచ్చి ఇచ్చినవే. అందువల్ల భగవద్గీత పక్కన బ్యాంకు పరీక్షల గైడు, దాని పక్కన మొదటి సంపుటం లేని నిఘంటువు కాపురం చేస్తుంటాయి. కిటికీ బయట ఒక ముసలి వేపచెట్టు. తెలంగాణలో వేపను 'యాప' అంటారు. యాప్రాల్ అన్న పేరులో ఉన్నది ఆ చెట్టేనని నా నమ్మకం. ఆధారం చూపమంటే చూపలేను. ఆధారం లేని నమ్మకాలను గురించే నేనిక్కడ చెప్పబోతున్నాను కాబట్టి ఈ మాట ముందే ఒప్పుకోవడం మంచిది.

సికింద్రాబాదు దండు ప్రాంతానికి ఆనుకొని ఉండడం చేత మా వైపు సైన్యంలో పనిచేసి విరమించిన కుటుంబాలు ఎక్కువ. ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడిన తల్లిదండ్రులూ ఎక్కువే. పొద్దున నడక, సాయంత్రం టీవీ, మధ్యలో పొడవైన పగలు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయాన్ని స్థాపించిన పెద్దలు తెలుగు చదువుకొనే చోటు లేక కష్టపడి ఆ చోటును సంపాదించారు. మాకు చోటున్నది, చదివేవారే లేరు. ఆ మాట ఒకరోజు నేను అనగానే, సుబేదారుగా పనిచేసి విరమించిన ఒక పెద్దాయన "అయితే ఆదివారం నాలుగు గంటలకు అందరం హాజరవుదాం" అని ఆజ్ఞాపించినట్లే అన్నారు. అలా మా పఠన బృందం ఏర్పడింది. పదకొండు మందిమి. నేను తెలుగు ఉపన్యాసకురాలిని కాబట్టి చదివి వినిపించే బాధ్యత నా మీద పడింది.

కొన్ని నెలలు మంచి పుస్తకాలే చదివాం. ఒక ఆదివారం రాజమహేంద్రవరం నుండి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దావిడ, "అమ్మా, ఎప్పుడూ మంచి పుస్తకాలేనా? ఒక దొంగతనమో, హత్యో ఉన్న కథ చెప్పరాదూ!" అన్నారు. అందరూ నవ్వారు గాని ఎవరూ కాదనలేదు.

నాకు మాత్రం కొంచెం చిన్నతనంగా తోచింది. అపరాధ పరిశోధక నవలలు నాకు తెలియనివి కావు. నా బాల్యంలో మా నాన్నగారి కోసం అద్దె పుస్తకాల దుకాణం నుండి కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు తెచ్చేదాన్ని. దారిలోనే సగం చదివేసేదాన్ని. మద్రాసు వీధుల్లో డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు దొంగలను వెంబడిస్తుంటే, నేను మా ఊరి వీధిలో ఎదురుగా వచ్చే ఎడ్లబండిని చూసుకొనేదాన్ని కాదు. ఆ తరువాత పెద్ద చదువు వచ్చింది. పింగళి సూరన మీద పరిశోధన చేశాను. డాక్టరేటు చేతికి రాగానే యుగంధర్‌ను మరిచిపోవడం నా ధర్మమనుకొన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు వస్తుంది. పదహారవ శతాబ్దిలో సూరన రచించిన 'కళాపూర్ణోదయం' మాత్రం ఏమిటి? ముందుగా చిక్కుముడులు వేసి, కారణాలు దాచిపెట్టి, పొత్తిళ్ళలోని పసిపాప నోరు విప్పి పూర్వకథ చెప్పేదాకా పాఠకుణ్ణి ఊపిరి తీసుకోనివ్వడు. ఎనిమిది ఆశ్వాసాల ఆ ప్రబంధాన్ని తలకెత్తుకొన్న నేను, అదే పని చేసిన అద్దె నవలను చిన్నచూపు చూశాను.

చివరకు విల్కీ కాలిన్స్ రచించిన 'ద మూన్‌స్టోన్' అన్న ఆంగ్ల నవలను ఎంచుకొన్నాం. 1868లో, చార్లెస్ డికెన్స్ నడిపిన పత్రికలో వారం వారం వెలువడిన నవల అది. ఆంగ్లంలో దీర్ఘమైన అపరాధ పరిశోధక నవలలకు దారి చూపిన తొలి రచనలలో దానిని లెక్కిస్తారు. బృందంలో ఇద్దరు దానిని ఆంగ్లంలో చదివి ఉన్నారు. మిగిలిన వారి కోసం నేను నాలుగు ఆదివారాలు తెలుగులో కథ చెప్పాలనీ, చదివిన ఇద్దరూ చివరిదాకా పెదవి విప్పరాదనీ నియమం పెట్టుకొన్నాం. 2023 సెప్టెంబరు నెల అది. వానలు పడుతున్నాయి.

కథ మన దేశంలోనే మొదలవుతుంది. 1799లో శ్రీరంగపట్నం కోట పడిపోయిన రోజున ఒక ఆంగ్ల సైనికాధికారి, చంద్రుని విగ్రహం నుదుట ఒకప్పుడు వెలిగిన పెద్ద వజ్రాన్ని, దాని కాపలాదారులను చంపి అపహరిస్తాడు. ఇంతవరకు చెప్పానో లేదో సుబేదారు గారు చేయి ఎత్తారు. "టిప్పు సుల్తాను మీదికి వెళ్ళిన సేనలో నిజాం పక్షాన హైదరాబాదు నుండి కదిలిన దళాలూ ఉన్నాయి. కుంపిణీ వారి ఆ సైన్యం ఇక్కడ విడిది చేయబట్టే కదా 1806లో సికిందర్ జా పేరు మీద ఈ సికింద్రాబాదు వెలిసింది! అంటే ఈ కథ మన వీధి చివరిదాకా వచ్చిందన్నమాట" అన్నారు. ఆ రోజు కథ అక్కడికే ఆగిపోయింది. మిగిలిన గంటా దండు చరిత్ర విన్నాం. నాకు విసుగు కలగలేదని చెప్పలేను గాని, ఆ పెద్దాయన చెప్పినది నవలలో లేని ముందుమాట.

రెండవ ఆదివారం అసలు విషయంలోకి దిగాం. ఏళ్ళు గడిచాక ఆ వజ్రం ఇంగ్లండులోని ఒక పల్లెభవనంలో రేచెల్ అనే యువతికి పద్దెనిమిదవ పుట్టినరోజు కానుకగా చేరుతుంది. అదే రాత్రి మాయమవుతుంది. ఆ సాయంత్రం గారడీవాళ్ళ వేషంలో ముగ్గురు భారతీయులు ఆ ఇంటి చుట్టూ తిరిగారు. వెంటనే వారిని నిర్బంధించారు. అయితే ఆ రాత్రి వారు మరొక చోట ఉన్నారని తేలింది. మా బృందానికి ఇక్కడ చాలా కోపం వచ్చింది. "వజ్రం మన దగ్గర దోచుకున్నది వాళ్ళు, దొంగలమని కట్టేసింది మనవాళ్ళనా?" అని ఒకరు, "రంగు చూసి అనుమానించడం వాళ్ళకు అలవాటే" అని మరొకరు. ఆ ఆవేశం చూసి నాకు ముచ్చటేసింది.

తరువాత అనుమానం ఇంటి పనివారి మీదికి మళ్ళింది. వారి పెట్టెలు వెదికారు. పనివారిలో రోజన్నా అనే పిల్ల ఉంది. ఒకప్పుడు దొంగతనం చేసి శిక్ష అనుభవించింది. ఇంటి యజమానురాలు దయతలచి పనిలో పెట్టుకొంది. వజ్రం పోయిన గది తలుపుకు అప్పుడే వేసిన రంగు ఒకచోట చెదిరి ఉంది. దొంగ బట్టలకు ఆ రంగు అంటుకొని ఉండాలి. రోజన్నా ఒంట్లో బాగా లేదని గదిలో పడుకొన్నట్లు నటించి, రహస్యంగా పట్టణానికి వెళ్ళి గుడ్డ కొన్నది. రాత్రివేళ గది గడియ వేసుకొని నిప్పు రాజేసింది. లండను నుండి వచ్చిన పరిశోధకుడు సార్జెంట్ కఫ్ ఈ సంగతులన్నీ ఒక్కొక్కటిగా బయటపెట్టాడు.

అక్కడ కథ ఆపి, అందరికీ తలా ఒక కాగితం ముక్క ఇచ్చాను. దొంగ ఎవరో రాసి మడిచి ఇవ్వమన్నాను. చదివిన ఇద్దరినీ, నన్నూ మినహాయించగా ఎనిమిది కాగితాలు రావాలి. తొమ్మిది వచ్చాయి. తొమ్మిదవది ఎవరిదో తరువాత చెబుతాను.

ఏడు కాగితాలలో రోజన్నా పేరే ఉంది. ఒకదానిలో గాడ్‌ఫ్రే అని ఉంది. గాడ్‌ఫ్రే అంటే ధర్మసంస్థలు నడుపుతూ, ఆడవారందరి మెప్పు పొందిన సౌమ్యుడు. రాసింది రాజమహేంద్రవరం పెద్దావిడ. కారణమడిగితే, "ఇన్ని మంచి పనులు చేసేవాణ్ణి నేను నమ్మనమ్మా" అన్నారు. తొమ్మిదవ కాగితంలో వంకర అక్షరాలతో ఇలా ఉంది: "ఎవరూ తీయలే. యాడనో పెట్టి మర్చిపోయిండ్రు."

అది రాసింది సమావేశ మందిరం ఊడ్చి, మాకు కుర్చీలు వేసి, మేము వెళ్ళాక తాళం వేసే ఆమె. పగలంతా నాలుగు ఇళ్ళలో పనిచేస్తుంది. ఆదివారాలు గుమ్మం దగ్గర కూర్చొని వింటుంది. కథ వింటున్నదని మాకు తెలుసు. లెక్కలో మాత్రం చేర్చుకోలేదు. కాగితాలు మిగిలి ఉంటే ఒకటి తీసుకొన్నదట.

ఎవరో నవ్వారు. "వజ్రాన్ని పెట్టి మరిచిపోతారా?" అన్నారు. ఆమె లేచి నిలబడింది. సంకోచం లేకుండానే చెప్పింది: "ఇండ్లల్ల పోయిన సామాన్లు శానా మట్టుకు గట్లనే దొరుకుతయి మేడమ్. బీరువాల చీరల కింద, దేవుని అర్రల. పోయినప్పుడైతే మమ్ముల అడుగుతరు. దొరికినంక మాకెవ్వరు చెప్పరు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మన వాళ్ళను ఊరికే అనుమానించారని పావుగంట క్రితం కోపగించుకొన్నవాళ్ళమే, రోజన్నా పేరు రాసి మడిచి ఇచ్చాం. ఇచ్చామని ఎందుకంటున్నానంటే, ఆ నవల మొదటిసారి చదివినప్పుడు నేనూ ఆ పిల్లనే అనుమానించాను. నవలలో అందరి మీదా సమానంగా ఆధారాలు చల్లి ఉంటాయి. అది ఆ ప్రక్రియ నియమం. వాటిలో కొన్నింటినే ఏరుకొనేది మనం.

మూడవ ఆదివారం రోజన్నా చనిపోయింది. ఆ ఊరి తీరంలో మనుషులను లోపలికి పీల్చుకొనే ఊబి ఇసుక ఉంది. దానిలోకి నడిచి వెళ్ళిపోయింది. నేను ఆ ఘట్టం చెబుతున్నప్పుడు రేకుల వసారా మీద వాన పెద్దదయింది. గొంతు పెంచి చెప్పవలసి వచ్చింది. ఏడు కాగితాలవారూ తలలు దించుకొని విన్నారు. గుమ్మం వైపు నేను చూడలేదు.

మరునాడే వినాయక చవితి. తెలుగువారి ఇళ్ళలో ఆనాడు శ్యమంతకోపాఖ్యానం చదువుకోవడం ఆచారం. చిన్ననాటి నుండి ప్రతి యేటా చదువుతున్న కథే. పోతనగారి భాగవతం దశమ స్కంధంలో విద్యార్థులకు చెప్పిన కథే. ఆ యేడు మాత్రం అది నాకు అపరాధ పరిశోధనగా కనిపించింది. సత్రాజిత్తు దగ్గరున్న మణి, దానిని ధరించి వేటకు వెళ్ళిన తమ్ముడు ప్రసేనుడు, ఇద్దరూ కానరారు. కృష్ణుడు ఒకప్పుడు ఆ మణిని అడిగి ఉన్నాడు. సత్రాజిత్తుకు అంతే చాలింది. అడిగినవాడే తీశాడు. నింద పడిన కృష్ణుడు పౌరులను వెంటబెట్టుకొని అడవికి వెళ్ళి జాడలు పట్టాడు. ప్రసేనుణ్ణి చంపిన సింహం, సింహాన్ని చంపిన జాంబవంతుడు, ఆయన గుహ, గుహలో పసివాడి ఆటవస్తువుగా మణి. ఇరవై ఎనిమిది రోజులు పోరాడి తెచ్చిన మణిని ఆయన సత్రాజిత్తు చేతిలో చాటుగా పెట్టలేదు. రాజు ఎదుట, సభలో, దొరికిన విధమంతా చెప్పి ఇచ్చాడు. నింద నలుగురిలో పడింది కాబట్టి, అది తొలగడమూ నలుగురిలోనే జరగాలి. ఇన్నేళ్ళు పాఠం చెప్పీ ఆ సభ అక్కడ ఎందుకున్నదో నేను గమనించలేదు.

నాలుగవ ఆదివారం చిక్కు విడిపోయింది. వజ్రం తీసినవాడు ఫ్రాంక్లిన్ బ్లేక్. దానిని ఆ ఇంటికి తెచ్చినవాడు, రేచెల్‌ను ప్రేమించినవాడు, దొంగను పట్టుకోవాలని అందరికన్న ఎక్కువగా తిరిగినవాడు. ఒక వైద్యుడు పంతానికి పోయి అతనికి తెలియకుండా నల్లమందు తాగించాడు. ఆ మత్తులో, వజ్రానికి ఏమవుతుందోనన్న దిగులుతో, తానే తీసి భద్రపరచబోయాడు. తెల్లవారాక అతనికి ఏదీ గుర్తు లేదు. అతని చేతినుండి దానిని అందుకొని కాజేసింది మాత్రం మన పెద్దావిడ చెప్పిన గాడ్‌ఫ్రేయే. ఆ సాయంత్రమంతా ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఇక రోజన్నా? రంగు అంటిన బట్ట బ్లేక్‌దని ఆమెకు తెలుసు. అతని మీద మనసుపడింది కాబట్టి దానిని దాచి, దాని స్థానంలో పెట్టడానికి మరొకటి కుట్టింది. గుడ్డ కొన్నదీ, నిప్పు రాజేసిందీ అందుకే. సార్జెంట్ కఫ్ చూసిన ఆధారాలన్నీ నిజమే. వాటి అర్థమే తప్పు.

"ఆమె సగం కరెక్టుగానే రాసింది" అని సుబేదారు గారు గుమ్మం వైపు చూపించి అన్నారు. "యజమాని చేతిలోనే పోయింది, యజమానే మరిచిపోయాడు." ఆయన లేచి ఒక ఖాళీ కుర్చీని బల్ల దగ్గరికి జరిపారు. ఆమె కొంచెం తటపటాయించి కూర్చొంది. అప్పుడు నేను నా కథ చెప్పాను. బృందానికి అది పదకొండవ ఆశ్వాసమో, అనుబంధమో గాని, నాకు ఆ నాలుగు ఆదివారాలూ మనసులో మెదిలింది అదే.

2001లో నేనొక పట్టణంలోని డిగ్రీ కళాశాలలో పనిచేసేదాన్ని. నా గురువుగారు తమ చేతితో అంచుల నిండా పెన్సిలు వ్యాఖ్యలు రాసుకొన్న 'కళాపూర్ణోదయం' ప్రతి ఒకటి నా దగ్గర ఉండేది. ఒకరోజు అది నా బల్ల మీద లేదు. వసతి గృహంలో ఉండి చదువుకొనే ఒక విద్యార్థి అంతకుముందు రెండుసార్లు ఆ పుస్తకం అడిగాడు. ఇవ్వలేదు. ఆ రోజు మధ్యాహ్నం అతను అధ్యాపకుల గది ముందు నిలబడి ఉండగా చూశాను. నా దగ్గరున్న ఆధారాలు ఈ రెండే. తరగతిలో పేరు చెప్పలేదు. "తీసినవారు రేపటిలోగా నా బల్ల మీద పెట్టండి. ఎవరని అడగను" అన్నాను. అంటూ అతని వైపే చూశాను. నలభై తలలు అటు తిరిగాయి. అతను ఏమీ అనలేదు. ఆ తరువాత ముందు వరుసలో ఎన్నడూ కూర్చోలేదు. కొద్ది రోజులకు నా తరగతికి రావడమే మానేశాడు. అది నేరం ఒప్పుకోవడమే అనుకొన్నాను.

2012లో యాప్రాల్‌కు ఇల్లు మారుతూ, సిద్ధాంత గ్రంథం చిత్తుప్రతులు ఉన్న ట్రంకు పెట్టె తెరిచాను. పుస్తకం ఆ కాగితాల మధ్య ఉంది. ఏదో పద్యం సరిచూసుకోవడానికి నేనే ఇంటికి తెచ్చి, నేనే అందులో పెట్టాను. ఫ్రాంక్లిన్ బ్లేక్‌కు నల్లమందు ఉంది. నాకు అదీ లేదు. ఆ రోజు సంతోషంతో పుస్తకాన్ని తుడిచి, అట్ట వేసి, కొత్త ఇంట్లో బీరువాలో పెట్టుకొన్నాను. ఆ అబ్బాయి జ్ఞాపకం రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. ఇన్నేళ్ళ తరువాత ఎందుకులే అనుకొన్నాను.

చెప్పడం ముగిశాక ఎవరూ తీర్పు చెప్పలేదు. పెద్దావిడ మాత్రం, "ఆ అబ్బాయి ఎక్కడున్నాడో కనుక్కోండమ్మా" అన్నారు. ఆమె కుర్చీలు సర్దడానికి లేచింది.

ఆనాటి తరగతి వారికి ఒక వాట్సాప్ బృందం ఉంది. నన్నూ అందులో చేర్చారు. ఆ రాత్రి అందులో రాశాను. పుస్తకం అతను తీయలేదనీ, నా పెట్టెలోనే ఉందనీ, తరగతిలో నేను చేసింది అన్యాయమనీ. అతని పేరు పెట్టే రాశాను. ఇక్కడ రాయడం లేదు. "ఏ పుస్తకం మేడమ్?" అని చాలామంది అడిగారు. ఒకరు, "వాడు తియ్యలేదని మాకప్పుడే తెలుసు మేడమ్" అన్నారు. తెలిసినవాళ్ళు అప్పుడెందుకు చెప్పలేదని అడగబోయి, అడగడానికి నాకేమి హక్కుందని ఊరుకొన్నాను. అతను ఆ బృందంలో లేడు. ఎవరో నంబరు పంపారు. ఒక పల్లెలో ఉపాధ్యాయుడుగా ఉన్నాడట.

మరునాడు పొద్దున్నే ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టాడు. విషయం చెప్పాను, క్షమించమని అడిగాను. "అయ్యో, అంత మాటెందుకు మేడమ్, చిన్నప్పటి సంగతి. నేనెప్పుడో మరిచిపోయాను" అన్నాడు. పిల్లల గురించి, వానల గురించి మాట్లాడాం. పుస్తకం పంపిస్తాను, చదువుకొమ్మన్నాను. వద్దన్నాడు. ఫోన్ పెట్టేయబోతూ ఆగాడు.

"పుస్తకం ఎప్పుడు దొరికింది మేడమ్?"

పదకొండేళ్ళయిందని చెప్పాను.

అవతల బడి గంట వినిపించింది. పిల్లలు వరుసలు కడుతున్న సందడి కూడా. అతను ఇంకా ఫోన్ పట్టుకొనే ఉన్నాడు. కొంతసేపటికి, "సరే మేడమ్, ప్రార్థనకు వేళయింది" అన్నాడు.